టాంకీ మూతకు బొట్టు

వీరయ్యతో మాట ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆయిల్ ఇంజన్ దగ్గరికే చేరుతుంది. ఎండ మండిపోతోందనండి, బస్సు రాలేదనండి, మా అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని మిఠాయి పెట్టండి. ఆ మిఠాయి నాలుక మీద కరిగేలోగా ఆయన అడిగేస్తాడు.

"మా ఊళ్లె మొదటి ఆయిల్ ఇంజన్ చాలు జేసింది ఎవరనుకున్నవ్?"

ఎవరో మీకు తెలుసు. అయినా తెలియనట్టే మొహం పెట్టాలి. తెలుసన్నారో, ఎంతవరకు తెలుసో పరీక్షపెట్టి, తప్పిన చోటి నుంచి మళ్లీ చెబుతాడు.

మెదక్ వైపు చిన్న పల్లె ఆయనది. ఊరి బడిలో ఏడో తరగతి చదివాడు. "ఇప్పటి ఏడు గాదు, అప్పటి ఏడు" అని తనే సవరణ కూడా ఇస్తాడు. ఊరికి ఇంజన్ ఎడ్లబండి మీద వచ్చిన రోజున, కంపెనీ మనిషి హేండిలు తిప్పి తిప్పి చెమటలు కక్కుతుంటే, వీరయ్య ముందుకొచ్చి ఒక్క ఊపు ఊపాడట, అది డుగ్గుడుగ్గుమని లేచిందట. ఆ తర్వాత టూరింగ్ టాకీస్‌లో జనరేటరు నడిపాడు. ఆపైన హైదరాబాదు వచ్చి ఫిలిం నగర్‌లో కుదురుకుని, షూటింగుల్లో గాలి మిషన్ దగ్గర చేరాడు. పాటలో హీరోయిన్ కొంగు ఎగరాలంటే ఎవరో ఒకరు పెద్ద ఫ్యాను తిప్పాలి కదా. ఆ ఎవరో ఒకరు వీరయ్యే. "కొంగు ఎగిరింది గాలికి గాదు, నా చెయ్యికి" అంటాడు. తెర మీద ఆయన పేరు ఏనాడూ పడలేదు. ఆ లోటును నోటితో పూడ్చుకుంటూ వస్తున్నాడు.

వయసు మీద పడ్డాక రాత్రి షూటింగులు పడక, జూబ్లీ హిల్స్‌లో గుట్ట మీది ఒక పార్కులో పనికి చేరాడు. భార్య కౌసల్య అదే పార్కులో మొక్కల పని చూస్తుంది. అవి హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. పాత సినిమావాళ్ల బంగళాల పక్కన కొత్త కంపెనీలవాళ్ల బంగళాలు లేచాయి. పాతవాళ్లకు చెట్లు కావాలి, కొత్తవాళ్లకు చెట్లూ కావాలి, చెట్టు రాల్చిన చెత్త మాత్రం కనపడకూడదు. కొట్టేసిన కొమ్మలను అంతకుముందు పార్కు మూలన తగలబెట్టేవారు. ఆ పొగ గాలివాటాన ఒకరోజు ఈ బంగళాలోకి, ఒకరోజు ఆ బంగళాలోకి దూరేది. దూరిన ప్రతి చోటి నుంచీ ఫోన్లు వచ్చేవి.

ఆ ఫోన్లన్నీ ఎత్తింది జగదాంబ గారు. పార్కు కమిటీ ప్రెసిడెంటు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి సినిమాలు పంపిణీ చేసిన కుటుంబం వాళ్లది. ఆవిడ కోడలు భువన సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. ఆ అమ్మాయే ఇంటర్నెట్‌లో వెతికి, పెట్రోలుతో నడిచే యంత్రం ఒకటి ఉందని, పైనుంచి కొమ్మ పెడితే పక్క గొట్టంలోంచి ముక్కలుగా ఊస్తుందని కనిపెట్టింది. కమిటీ కొన్నది. కాగితాల మీద దాని పేరు వుడ్ చిప్పర్. పార్కులో అందరికీ కొమ్మల మిషన్.

మిషన్ పెట్టెలోంచి దిగిన రోజే వీరయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజన్ మీద అరచెయ్యి వేసి, "ఇది నాది" అన్నాడు. ఎవరూ కాదనలేదు. కాదనడానికి, తాడు లాగి దాని ఇంజన్ లేపడం ఇంకెవరికీ రాదు.

నిజం చెప్పాలంటే చూసుకోవడం కూడా అలాగే చూసుకున్నాడు. పొద్దున్నే మిషన్‌ను చదునైన బండ మీదికి తోసి, ఇంజన్ ఆయిలు కొలపుల్ల తీసి చూసేవాడు. గాలి జాలీ విప్పి దుమ్ము దులిపేవాడు. పాత పెట్రోలు టాంకీలో మురగనిచ్చేవాడు కాదు. బెల్టును బొటనవేలితో నొక్కి, "పెండ్లిపిల్ల జడ లెక్కుండాలె. బిగువు ఎక్కువైతే తెగుతది, తక్కువైతే జారుతది" అనేవాడు. గొట్టంలోంచి వచ్చే ముక్కలను చేతిలోకి తీసుకుని వంటమనిషి అన్నం మెతుకు చూసినట్టు నలిపి చూసేవాడు. ముక్క పెళుసుగా, అంచు తెగినట్టు ఉంటే సరే. పీచుపీచుగా వస్తే కత్తులు మొద్దుబారినట్టు. వెంటనే విప్పి సాన పట్టించేవాడు. తడి ఆకు ఎక్కువ పెడితే గొట్టం గొంతు పట్టేస్తుందని, ఒక పచ్చికొమ్మ వెనక ఒక ఎండుకొమ్మ పెట్టేవాడు. అన్నిటికీ మించి ఆయన దగ్గర ఒక శాసనం ఉండేది. మిషన్ నోట్లో చెయ్యి పెట్టాలంటే ముందు ఇంజన్ ఆపాలి, తర్వాత ప్లగ్గు వైరు పీకాలి, కత్తుల చక్రం పూర్తిగా నిలబడ్డదాకా చేతులు కట్టుకుని ఉండాలి. "సినిమాల డూపుంటడు. గీడ నీకు డూపు లేడు" అని తోటమాలులకు చెప్పేవాడు. ఎవరి వేళ్లు వాళ్లకు ఉన్నాయంటే ఆ మాట చలవే.

కొమ్మల ముక్కలు కౌసల్య పాదుల్లో పరిచేది. నేల చల్లగా ఉండి నీళ్లు తక్కువ పట్టేవి. ఇద్దరి పనీ అలా ఒకదాన్నొకటి పట్టుకుని సాగుతుండగా దసరా వచ్చింది.

ఆయుధ పూజ రోజున ఆ గుట్ట మీద బొట్టు లేని ఇనుము ఉండదు. కార్లకు దండలు, లిఫ్టులకు నిమ్మకాయలు, భువన కంప్యూటరుకు కూడా మూలన కుంకుమ. కౌసల్య కొమ్మల మిషన్‌ను తడిగుడ్డతో తుడిచి, బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని దాని నోటి అంచు మీద బొట్టు పెట్టబోయింది.

"ఆగు ఆగు" అన్నాడు వీరయ్య. "నోటి మీద బొట్టు పెడ్తరానె ఎవరన్న? నొసట పెట్టాలె."

"దీనికి నొసలేడున్నదయ్యా?"

వీరయ్య వెనక్కి జరిగి, కళ్లు చికిలించి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా మిషన్‌ను చూశాడు. ఇంజన్ మీద నల్లటి పెట్రోలు టాంకీ, దాని నడినెత్తిన గుండ్రటి మూత. "గదే నొసలు" అని తీర్మానించాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కిందటేడు పార్కు గేటుకు పెట్టిన బొట్టు మొదటి వానకే కారిపోయిందని ఆయన మనసులో ఉంది. అందుకని ఈసారి తుమ్మబంక నానబెట్టి పసుపు కుంకుమల్లో కలిపి, చిక్కటి ముద్ద చేసి పెట్టాడు. కౌసల్య ఆ ముద్దను మూత మీద రూపాయి బిళ్లంత దిద్దింది. ఆరేసరికి అది రాయిలా బిగిసింది. వీరయ్య గోటితో కొట్టి టక్‌మనిపించి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "ఇది వచ్చే దసరా దాక కదలది. బంక కలిపే ఉపాయం ఎవరిదనుకున్నవ్?"

ఆ వారంలోనే గాలివాన వచ్చింది. గుట్ట మీద గుల్‌మొహర్లు, సుబాబుళ్లు కొమ్మలు విరిగి పార్కు నిండా పడ్డాయి. వీరయ్య ఉత్సాహంగా మిషన్‌ను బయటికి తీసి, చోకు పెట్టి, తాడు లాగాడు. మొదటి లాగుకే లేచింది. కొమ్మలు కరకరా నమిలింది. అంతలో, నిదానంగా చాయ్ తాగేంత సేపయిందో లేదో, గొంతు బొంగురుపోయి, రెండు దగ్గులు దగ్గి, ఆగిపోయింది.

తాడు లాగాడు, లేవలేదు. మళ్లీ లాగాడు, లేవలేదు. భుజం నొప్పెట్టి, చెట్టు కింద కూర్చుని, కాసేపటికి వచ్చి లాగితే ఏమీ జరగనట్టు లేచింది. మళ్లీ చాయ్ తాగేంత సేపు నడిచింది. మళ్లీ దగ్గి ఆగింది.

వీరయ్య పద్ధతిగానే వెతికాడు. ప్లగ్గు విప్పి చూశాడు. మొన గోధుమరంగులో చక్కగా ఉంది. అయినా గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. గాలి జాలీ విప్పి వెలుగులోకి పట్టి చూశాడు, శుభ్రంగా ఉంది. పెట్రోల్లో నీళ్లు కలిశాయేమోనని గాజు సీసాలోకి తీసి పరీక్షించాడు. నీళ్లు లేవు, అయినా బంకువాడిని నాలుగు తిట్టి, టాంకీ ఖాళీ చేసి కొత్తది పోశాడు. ఏం చేసినా మిషన్ తన చాయ్ తను తాగి పడుకునేది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భువన గేటు దగ్గర నిలబడి అడిగింది. "ఏమైంది వీరయ్యగారూ, హ్యాంగ్ అయిందా?"

"ఆగుతున్నదమ్మా."

"కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పని చేస్తోందా?"

"చేస్తున్నది."

"మా సర్వర్లూ అంతేనండి. రీస్టార్ట్ చేస్తే చాలు, బుద్ధిగా ఉంటాయి. ఎందుకు పడుకుందో ఎవరూ అడగరు."

"గది కంప్యూటరమ్మా, మాట వింటది. ఇది ఇంజన్. ఎందుకు పడుకున్నదో దీన్ని అడగాలె" అన్నాడు వీరయ్య. అడిగితే మాత్రం ఇంజన్ చెప్పడం లేదు.

కొమ్మల గుట్ట పెరిగింది, ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. జగదాంబ గారు పార్కుకు వచ్చి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కొమ్మల మధ్య నిలబడ్డారు.

"ఏంటి వీరయ్యా ఇది? నడవడానికి దారి లేదు."

"అయితదమ్మా. చిన్న నలత జేసింది."

"వారం నుంచీ అదే చెబుతున్నావు. ఆదివారం పొద్దున కమిటీ వాళ్లంతా వస్తున్నారు. వాళ్ల ముందు ఆగకుండా నడిస్తే సరే. లేదంటే మిషన్ అమ్మేసి పని ఏజెన్సీకి ఇచ్చేద్దామంటున్నారు." ఆయన మొహం చూసి ఆవిడ గొంతు తగ్గించారు. "నిన్నేం పంపించంలే. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. హాయిగా కూర్చో."

ఆ 'హాయిగా' అన్న మాట వీరయ్యకు ముల్లులా దిగింది. కుర్చీలో కూర్చోవడం, కారొస్తే లేవడం, కారు పోతే కూర్చోవడం. లోకంలో ఇన్ని యంత్రాలను లేపినవాడు చివరికి తనే లేచి కూర్చునే యంత్రం అయిపోవాలా? ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు, అంతకన్నా ఆశ్చర్యం, ఎవరికీ ఆయిల్ ఇంజన్ సంగతి చెప్పలేదు. కౌసల్యకు భయం వేసింది. ఫిలిం నగర్‌కు కబురు పంపి బాలనర్సయ్యను పిలిపించింది.

బాలనర్సయ్య షూటింగుల జనరేటరు వ్యాను నడుపుతాడు. గాలి మిషన్ రోజుల నుంచీ స్నేహితుడు, వరసకు బావ, పోటీ పడటానికి ప్రాణం. రాగానే మొదలుపెట్టాడు.

"ఏంది బావా, కొంగులెగరేసినోనివి, కొమ్మ విరువలేకపోతున్నవట!"

"నువ్వు బాగుజేయనీకి వచ్చినవా, నవ్వనీకి వచ్చినవా?"

"రెండిటికీ వచ్చిన. పనిల పని."

బాలనర్సయ్య కార్బొరేటరు మొత్తం విప్పి, పెట్రోలుతో కడిగి, సన్నటి రంధ్రాలన్నిటినీ నోటితో ఊది బిగించాడు. కొత్త ప్లగ్గు కూడా వేశాడు. మిషన్ లేచింది. ఇద్దరూ చేతులు కట్టుకుని చూశారు. చాయ్ తాగేంత సేపయింది. దగ్గింది. ఆగింది.

"నువ్వు చూస్తున్నవని సిగ్గుపడ్తున్నది బావా" అని, షూటింగుకు టైమయిందంటూ బాలనర్సయ్య వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు.

అది శనివారం మధ్యాహ్నం. వీరయ్య ఒక్కడే మిషన్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఇంజన్‌కు కావలసినవి మూడే, పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. రవ్వ ఉంది. గాలి జాలీ బాగుంది. పెట్రోలు ఉంది. "ఉన్నదా?" అని తనను తనే అడిగి, ఎంత మిగిలిందో చూద్దామని టాంకీ మూత తిప్పాడు.

స్‌స్‌స్... అన్నది టాంకీ. నీళ్లలోంచి తేలినవాడు గాలి పీల్చుకున్నట్టు.

వీరయ్య చెయ్యి ఆగింది. మూత పెట్టి తాడు లాగాడు. ఒక్క లాగుకే లేచింది. మళ్లీ ఆగేదాకా నడవనిచ్చి, ఆగిన వెంటనే ఏమీ విశ్రాంతి ఇవ్వకుండా మూత తిప్పాడు. స్‌స్‌స్... తాడు లాగితే మళ్లీ ఒక్క లాగుకే లేచింది. ఈసారి మూతను బిగించకుండా వదులుగా ఉంచాడు. చాయ్ కాదు, భోజనం చేసేంతసేపు చూశాడు, ఆగలేదు. అలా వదులు మూతతో పని చేయించడానికి మాత్రం లేదు, కుదుపుకు పెట్రోలు చిందితే కింద కాలే ఇంజన్. నిప్పుతో చెలగాటమే. అందుకని తనే ఆపి, మూత చేతిలోకి తీసుకున్నాడు.

పెట్రోలు కిందికి పోయిన కొద్దీ పైన ఖాళీలోకి గాలి రావాలి. వస్తేనే పెట్రోలు కదులుతుంది. ఆ గాలికోసమే మూత నడుమ సూదిబెజ్జమంత రంధ్రం పెడతారు. వీరయ్యకు ఆ సంగతి తెలియక కాదు, టాకీస్ జనరేటరు మూతకు కూడా అలాంటిదే ఉండేది. ఇప్పుడు ఆ రంధ్రం ఉండాల్సిన చోట, రూపాయి బిళ్లంత, రాయిలా బిగిసి, ఎర్రగా నవ్వుతూ బొట్టు ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. కాసేపు పడుకోబెడితే మిషన్ మళ్లీ లేవడం కూడా, మూత అంచు సందుల్లోంచి ఏ కాస్తో గాలి దూరబట్టే. సగం సినిమా పరిశ్రమకు గాలి తోలినవాడు, చిటికెడంత టాంకీకి ఊపిరి ఆడకుండా చేశాడు.

మొదట గోటితో గీకబోయాడు. చెయ్యి ఆడలేదు. పూజలో ముత్తయిదువ చేత్తో పెట్టిన బొట్టు. దాన్ని చెరపడమంటే మాటలా? అదీకాక కౌసల్య రోజూ పొద్దున మిషన్ ముందు నుంచి పోతూ ఆ బొట్టు కళ్లకద్దుకుని పోతుంది. లేకపోతే ఎక్కడ పోయిందని అడుగుతుంది. ఆలోచించి ఆలోచించి పాదుల దగ్గరికి వెళ్లాడు.

"కౌసల్యా, ఒక పిన్నీసియ్యి."

కౌసల్య పుస్తెలతాడుకు ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి. చెయ్యి అక్కడికి వెళ్లింది గానీ ఆగింది.

"ఎందుకు?"

"ముల్లు దిగింది."

"ఏడ?"

వీరయ్య ఏ కాలు చూపించాలో తేల్చుకునేలోగా ఆవిడ చూపు ఆయన చేతిలోని మూత మీద పడింది. మూత చూసింది, మొగుణ్ని చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెప్పకుండా దాచిన మాట ఒక్కటీ లేదు గనుక, దాచడం ఆయనకు చేతకాలేదు. మొత్తం చెప్పేశాడు.

కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "నొసలు నొసలని ముక్కు మూసినావయ్యా!"

"మెల్లగ, మెల్లగ. తోటమాలులు వింటరు."

"నోటి మీద పెడ్తనంటే వద్దంటివి. బంకనే కలిపితివి. ఊళ్లె ఆయిల్ ఇంజన్ లేపిన తెలివి గంతా యాడబోయిందో!"

"చెరపద్దుగానీ, నడుమల పిన్నీసుతోని పొడుస్త. బొట్టుకు బొట్టుంటది, గాలికి గాలొస్తది. తప్పా?"

కౌసల్య ఆలోచించింది. "ముక్కుపుడకకు ముక్కు కుట్టరా? గట్లనే అనుకుంట" అని పిన్నీసు తీసి ఇచ్చింది. ఇస్తూ అడిగింది. "రేపు అమ్మగారికి చెప్తవా, బొట్టే అడ్డమొచ్చిందని?"

"ఎందుకు చెప్పాలె? నడిస్తే చాలదా?" అన్నాడు వీరయ్య. ఇద్దరికీ అది న్యాయంగానే అనిపించింది.

ఆదివారం పొద్దున కమిటీ వచ్చింది. జగదాంబ గారికి కుర్చీ వేశారు. భువన, ఇంకో నలుగురు పెద్దమనుషులు, వాళ్ల కాఫీ కప్పులు. షూటింగు ముగించుకుని బాలనర్సయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. వీరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, తాడు లాగాడు. మిషన్ లేచింది. కొమ్మ పెట్టాడు. నమిలింది. ఇంకో కొమ్మ, ఇంకో కొమ్మ. చాయ్ వేళ దాటింది. కాఫీలు చల్లారాయి. పెద్దమనుషులు గడియారాలు చూసుకున్నారు. గాలివాన కొమ్మలు సగం ముక్కలై గుట్టపడ్డాయి. అప్పుడు జగదాంబ గారు చాలన్నట్టు చెయ్యి ఎత్తితే, తనంతట అది ఆగలేదు గనుక, వీరయ్యే ఆపాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోకి బాలనర్సయ్య ముందుకొచ్చాడు.

"కార్బొరేటరమ్మా. నేనే కడిగి బిగించిన. నిన్న జర సతాయించింది గానీ, కొత్త ప్లగ్గు కుదురుకునేదాక గట్లనే ఉంటది. చూసిన్రుగా!"

"అయితే బాగుచేసింది నువ్వా?" అన్నారు జగదాంబ గారు. "మా వీరయ్య ఒక్క మాటైనా చెప్పలేదే!"

వీరయ్య నోరు తెరిచాడు. కౌసల్య వైపు చూశాడు. నోరు మూశాడు.

"మంచిదయ్యా" అని ఆవిడ కమిటీ వైపు తిరిగారు. "మిషన్ ఉంచుదాం. కానీ వీరయ్యకూ వయసైంది, కష్టపెట్టడమెందుకు? షూటింగులు లేని రోజుల్లో బాలనర్సయ్య వచ్చి నడిపిస్తాడు. వీరయ్యకు గేటు దగ్గర నీడలో కుర్చీ వేయిద్దాం."

పెద్దమనుషులు తలలు ఊపారు. మిషన్ నడిచినా కుర్చీ తప్పలేదు! బాగుచేసింది నేనని చెబితే ఏం బాగుచేశావని అడుగుతారు. ఏం బాగుచేశానో చెబితే ఎవరు చెడగొట్టారని అడుగుతారు. చెప్పకపోతే తను చేసిన పనికి ఆ బాలనర్సిగాడికి పేరు. జీవితంలో చేయనివాటికి కూడా పేరు వదులుకోని మనిషి, చేసినదానికి ఎట్లా వదులుకుంటాడు?

"ఆగున్రి!" అని అరిచాడు. "బాగుచేసింది నేను. చెడగొట్టింది గూడ నేనే!"

కౌసల్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"అదేంటి వీరయ్యా?" అన్నారు జగదాంబ గారు.

"చెప్తే నమ్మరు. చూపిస్త. బాలనర్సిగా, నీ కార్బొరేటరు బాగున్నది గదా? ముట్టుకోను. నీ ప్లగ్గు బాగున్నది గదా? దాన్నీ ముట్టుకోను." పాదులోంచి చిటికెడు తడిమట్టి తీసి, టాంకీ మూత మీద బొట్టు నడుమ అద్దాడు. "ఇగ చూడున్రి" అని తాడు లాగాడు.

మిషన్ లేచింది. నమిలింది. ఎవరూ కదలలేదు. చాయ్ తాగేంత సేపయింది. గొంతు బొంగురుపోయింది. రెండు దగ్గులు. ఆగింది.

"భువనమ్మా, జర చెవి గీడ పెట్టు" అన్నాడు. ఆ అమ్మాయి వంగింది. వీరయ్య మూత తిప్పాడు. స్‌స్‌స్...

"అయ్యో, ఊపిరి పీల్చుకుంటోంది అత్తయ్యా!" అంది భువన.

వీరయ్య మట్టి తుడిచి, పిన్నీసుతో ఒకసారి పొడిచి, మూత బిగించి తాడు లాగాడు. మిషన్ లేచి మళ్లీ గర్జించింది. దాన్ని ఆపి, పసుపులో బంక కలపడం దగ్గర నుంచి ముక్కు కుట్టడం దాకా ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పాడు. చివర్లో ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"బొట్టు పెట్టి ఇంజన్ గొంతు పిసికినోన్ని నిన్నే చూసిన బావా!" అన్నాడు బాలనర్సయ్య. పెద్దమనుషులు నవ్వారు. ఒకాయన కాఫీ ఒలికింది.

జగదాంబ గారు నవ్వు ఆపుకుంటూ, ప్రెసిడెంటు గొంతు తెచ్చుకుని అడిగారు. "అంటే వారం రోజులు పార్కంతా కొమ్మలతో నింపింది నువ్వేనన్నమాట."

"నేనేనమ్మా."

"తప్పు చేసి, ఆ ఛాతీ విరవడమేంటయ్యా?"

"అమ్మా, ఉత్త తప్పయితే ఎవలన్న పట్టుదురు. ఇన్ని షూటింగులు చూసిన బాలనర్సిగాడు పట్టలేదు. ఇంటర్నెట్టు పట్టలేదు. మరి గింత గట్టి తప్పును ఎవరు పట్టిన్రు? మీరే చెప్పున్రి. ఈ మిషన్‌ల ఇంక ఏ తప్పు దాక్కున్నా, నాకంటె గట్టిగ చేసేటోడు లేడు, నాకంటె తొందరగ పట్టేటోడు లేడు. నన్ను కుర్చీల కూసోబెడ్తే నష్టం నాకు గాదు."

జగదాంబ గారు కమిటీ వైపు చూశారు. కమిటీ ఆవిడ వైపు చూసింది. ఆ వాదనలో ఎక్కడో తిరకాసు ఉందని అందరికీ తెలుస్తూనే ఉంది, ఎక్కడుందో మాత్రం ఎవరికీ దొరకలేదు.

"సరే, మిషన్ నీ దగ్గరే ఉంటుంది" అన్నారు ఆవిడ. "కానీ ఒక్క షరతు. వచ్చే దసరాకు బొట్టు ఎక్కడ పెట్టాలో కౌసల్య చెబుతుంది. నువ్వు మాట్లాడకూడదు."

"మాట్లాడకుండ ఎట్లుంటడమ్మా, పానం పోదా?" అంది కౌసల్య.

కమిటీ లేచింది. బాలనర్సయ్య వెళ్తూ వెళ్తూ బావ భుజం మీద ఒకటి చరిచి, తన కొత్త ప్లగ్గు మాత్రం విప్పుకుని పట్టుకుపోయాడు. పాత ప్లగ్గు బిగించుకుంటున్న వీరయ్య దగ్గరికి, ఆ పెద్దమనుషుల్లో ఒకాయన, కాఫీ ఒలకబోసుకున్నాయనే, మెల్లగా వచ్చి నిలబడ్డాడు.

"వీరయ్యగారూ, మా ఇంట్లో చిన్న పెట్రోలు జనరేటరు ఉందండి. కరెంటు పోయినప్పుడు కాసేపు నడిచి ఆగిపోతోంది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకసారి మీరు..."

వీరయ్య చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. కళ్లద్దాలు పైకి తోసి, నాడి పట్టబోయే వైద్యుడిలా ఆయన మొహంలోకి చూశాడు.

"దసరాకు బొట్టు ఎవరు పెట్టిన్రు సార్, ఏడ పెట్టిన్రు?"

ఆయన తడబడ్డాడు. "మా ఆవిడ పెట్టింది. ఎక్కడో... పైన పెట్టినట్టుంది."

"పదున్రి" అని వీరయ్య ముందు నడిచాడు. గేటు దాటుతుండగా వెనక నుంచి కౌసల్య కేక వినిపించింది, "నా పిన్నీసు నాకిచ్చి పో!" అని. ఆయన వినిపించుకోలేదు. అప్పటికే పక్కనున్న పెద్దమనిషికి ఎడ్లబండి ఊళ్లోకి వచ్చిన పొద్దు గురించి మొదలుపెట్టేశాడు.